నీలాంబరికి మంచిర్యాలలో హాల్టు

రాజుబాయి తన భర్త పనిచేసే రైలును మొదటిసారి చూసినప్పుడు దాని రంగు తప్ప మరేమీ కంటికి ఆనలేదు.

అది ఎనభై నాలుగో సంవత్సరం, ఎండాకాలం. అత్తగారి కంటి ఆపరేషను కోసం సిరోంచలో పడవెక్కి, ప్రాణహిత దాటి, అవతలి ఒడ్డున అర్జునగుట్టలో జీపు పట్టుకొని, చెన్నూరు మీదుగా మంచిర్యాలకు వచ్చింది. ఆసుపత్రిలో అత్తకు కంటికట్టు కట్టి పడుకోబెట్టాక, తోడొచ్చిన ఆడబిడ్డతో "గంటల వస్త" అని చెప్పి స్టేషనుకు నడిచింది. ఆ రోజు దేవయ్య డ్యూటీలో ఉన్నాడని ఆమెకు తెలుసు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా నీలాంబరి ఎక్స్‌ప్రెస్ ఇంజనులో డ్రైవరు పక్కన అసిస్టెంటు అతను. మంచిర్యాల మీదుగానే పోవాలి. అక్కడ ఆగదని కూడా తెలుసు. అయినా ఒకసారి మనిషిని చూసినట్టవుతుంది కదా అనుకుంది. అప్పటికి అతను ఇంటికి వచ్చి నెలా పదిరోజులైంది.

ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా పట్టుకున్న మనిషి అందర్నీ గోడవైపు తోలుతున్నాడు. "ఎనుకకు జరుగమ్మా, నీలాంబరొస్తుంది. గాలికే గుంజుకపోతది" అన్నాడు. ఒకదాని వెనక ఒకటిగా రెండు డీజిల్ ఇంజన్లు, వాటి వెనక నీలం పెట్టెలు, అద్దాలు, అద్దాల వెనక తెల్లటి తెరలు. అంతే. మామిడికాయలు అమ్ముకునే ముసలామె గంప బోర్లా పడింది. రాజుబాయి కొంగు మొహానికి చుట్టుకుపోయింది. అది విడిపించుకునేసరికి చివరి పెట్టె కూడా సిగ్నలు దాటిపోయింది. ఆమె వంగి, ముసలామెతో కలిసి మామిడికాయలు ఏరింది.

తర్వాతి సెలవుకు దేవయ్య ఇంటికి వచ్చినప్పుడు, అన్నం వడ్డిస్తూ ఆ సంగతి చెప్పింది.

"ఆ దినం నేను మంచిర్యాల స్టేషన్ల ఉంటి. నువ్వు కనబడుతవేమో అనుకున్న."

దేవయ్య నవ్వాడు. "మంచిర్యాలనా? అది ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో మాకే ఎర్కుండదే. నూటపది మీద పోతం. గసొంటి టేషన్లు మస్తుగ వస్తయ్ నడుమ."

అతను చులకనగా అన్నది మంచిర్యాలను. కానీ రాజుబాయికి అది ఇంకెక్కడో తగిలింది. పప్పు గిన్నె అతని ముందుకు జరిపింది.

దేవయ్య గర్వం ఉత్తది కాదు. సిరోంచ తాలూకాలో ఎక్కడా రైలు పట్టా లేదు. ప్రాణహిత ఒడ్డున వరి పండించే ఇంట్లో పుట్టి, పద్దెనిమిదేళ్లప్పుడు అన్నతో పోట్లాడి ఇల్లు విడిచి, కాజీపేట లోకోషెడ్డులో బొగ్గు ఇంజన్ల బూడిద ఎత్తే పనికి కుదిరాడు. బూడిద గంప పోయి చేతికి బొగ్గు పార వచ్చింది. పన్నెండేళ్లు నిప్పు ముందర నిలబడ్డాడు. ఛాతీ మీద వెంట్రుక మొలవడం మానేసింది. డెబ్బై నాలుగులో బెంగుళూరు నుంచి ఢిల్లీకి నీలాంబరి మొదలైనప్పుడు, పొగ లేని, మసి లేని ఇంజనులోకి ఎంపిక చేసిన కొద్దిమందిలో అతనొకడు. ఇస్త్రీ చేసిన ఖాకీ బట్టలతో డ్యూటీ ఎక్కి, అవే మడతలతో డ్యూటీ దిగవచ్చునని ఆ రోజే మొదటిసారి తెలిసిందని చెప్పుకునేవాడు.

ఆ రైలు సంగతులు చెప్పడం మొదలుపెడితే అతనికి ఆకలి ఉండేది కాదు. పెట్టెలన్నీ ఏసీ. వైశాఖమాసంలోనూ దుప్పటి కప్పుకోవాలి. తెల్ల చేతితొడుగులు వేసుకున్న బేరర్లు పింగాణీ కప్పుల్లో సూపు తెచ్చిస్తారు. భోజనాల పెట్టెలో ప్రతి బల్ల మీదా పూలగుత్తి. ఉత్తరం రాసుకోవడానికి రైలు బొమ్మ అచ్చేసిన కాగితాలు. దక్షిణం వైపు దారిలో చాలా దూరం కరెంటు తీగలు లేవు కనుక, నడుమ ఇంజను మార్చే పని పెట్టుకోకుండా దారి పొడుగునా డీజిల్ మీదే లాగేవారు. కాజీపేట వదిలితే బల్లార్షా, బల్లార్షా వదిలితే నాగపూర్. ఊళ్లోని పెద్దమనుషులు కూడా దేవయ్య ఇంటి ముందు కూర్చుని ఈ ముచ్చట్లు వినేవారు.

ఒకసారి రాజుబాయి అడిగింది. "నన్నోసారి ఎక్కియ్యరాదు?"

"ఆ బండిల మా పాసులు చెల్లయే. డ్రైవర్ పెండ్లమైనా అంతే, పోర్టర్ పెండ్లమైనా అంతే. పూరా టికెటు కొనాలె. మనసొంటోళ్లకు గాదది."

ఆమె మళ్లీ అడగలేదు. అత్తను చూసుకుంది, పొలం చూసుకుంది, కూతురు స్వాతిని చదివించింది, పెండ్లి చేసి అహేరి పక్కన నాగేపల్లికి పంపింది. దేవయ్య కాజీపేటలో అద్దెగదిలో ఉంటూ నెలకో, రెండు నెలలకో వచ్చేవాడు. తొంభై ఒకటిలో నీలాంబరి డ్రైవరయ్యాడు. ఆ సంవత్సరం ఊరంతా బెల్లం పంచాడు.

అక్కడి నుంచి రైలు దిగజారడం మొదలైంది. దేవయ్య పెద్ద సీటు మీద కూర్చున్నాకే అదంతా జరగడం అతని ఖర్మ. ముందు పూలగుత్తులు పోయాయి. తర్వాత పింగాణీ కప్పులు పోయి కాగితం కప్పులు వచ్చాయి. కోట్లు వేసుకునే ప్రయాణికులు విమానాలకు మళ్లారు. తీగలున్న దారుల్లో ఇంతకంటే వేగంగా పోయే కొత్త రైళ్లు వచ్చాయి. తొంభై ఎనిమిదిలో భోజనాల పెట్టెలో బల్లలు ఊడదీసి, ఎవరో కాంట్రాక్టరు ఇచ్చే పొట్లాలు పంచారు. ఆపైన పెట్టెల్లో ఏసీలు ఒక్కొక్కటీ తీసేసి మామూలు పెట్టెలుగా మార్చారు. నీలం రంగు మీద ఇంకేదో రంగు వేశారు. డబ్బులు రాకపోయేసరికి హాల్టులు పెంచారు. రెండువేల రెండు చలికాలంలో మంచిర్యాల వంతు వచ్చింది. ఆ మొదటి రోజు ఇంజను మీద ఉన్నది దేవయ్యే.

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని చెప్పాడు. "ఇరవై ఎనిమిదేండ్లాయె. ఎన్నడు ఆపలె. బ్రేకు మీద చెయ్యి వెయ్యబుద్ధి గాలేదే. ఆపినంక, మూటలు పట్టుకొని ఉరికొస్తున్నరు జనం. మూటలు! నీలాంబరిలకు!"

రాజుబాయి ఓదార్పుగా ఏదో అనబోయింది. మూటలతో మంచిర్యాలలో దిగబడే మనుషుల్లో తానూ ఒకతె కదా అని తోచి, మంచినీళ్ల చెంబు అందించింది.

మరుసటి ఏడు రిటైరై సిరోంచ చేరాడు. ఇరుగుపొరుగు వాళ్ల డీజిల్ పంపులు బాగుచేసేవాడు. రైలు సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. ఎవరైనా అడిగితే "అది సచ్చిపోయింది" అనేవాడు. ఏదైనా పని మీద నది దాటినా చెన్నూరు నుంచే తిరిగి వచ్చేవాడు, మంచిర్యాల పోయేవాడు కాదు.

రెండువేల ఐదు అక్టోబరులో ఆ ముచ్చట తప్పనిసరిగా తిరిగి వచ్చింది. అప్పటికి రాజుబాయి పదకొండు మంది ఆడవాళ్ల పొదుపు సంఘానికి అధ్యక్షురాలు. దాన్ని సిరోంచలో అందరూ బచత్ గట్ అనేవారు. నాగపూర్‌లో పది రోజుల ప్రదర్శన ఉంది, మీ చిట్టిముత్యాల బియ్యం తెచ్చి అమ్ముకొమ్మని పంచాయతీ సమితి సాహేబు చెప్పాడు. కమలాపూర్ నుంచి భీమక్క అనే గోండు ఆమె కూడా రావాలి. అడవి తేనె, సారపప్పు, ఇప్పపూల లడ్డూలు ఆమెవి. మామూలుగానైతే ఆలపల్లి మీదుగా బస్సులో పోయేవారు. కానీ వానలకు ఆలపల్లి దారిలో కల్వర్టు కొట్టుకుపోయి బస్సులు బందయ్యాయి. ఇక మిగిలింది నది దాటి మంచిర్యాలలో రైలెక్కడమే.

"ఇద్దరాడోళ్లు, ఎనిమిది మూటలు. నేనొస్త" అన్నాడు దేవయ్య. "పొద్దుగాల ప్యాసింజర్ ఉంటది. దాంట్ల పోదం."

నీలాంబరి పేరు అతను ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

తెల్లవారగానే పడవ దాటారు. వానలు వెనకబట్టి ప్రాణహిత నిండుగా, నెమ్మదిగా ఉంది. భీమక్క తేనె డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పసిపిల్లను పట్టుకున్నట్టు. రైలెక్కడం ఆమెకు ఇదే మొదటిసారి. మంచిర్యాల చేరేసరికి స్టేషనులో నల్లబల్ల మీద సుద్దతో రాసి ఉంది. పట్టాల పని వల్ల ఆ రోజు ప్యాసింజరు రద్దు.

"తర్వాత ఏముంది?" అని అడిగాడు దేవయ్య కిటికీ దగ్గర.

"పదకొండున్నరకు నీలాంబరి. మళ్ల సాయంత్రం దాక ఏం లేదు" అన్నాడు లోపలి మనిషి. దేవయ్య ఇచ్చిన రిటైర్డు పాసు చూసి, "మీ ఇద్దరికి ఇది నడుస్తది పెద్దయ్యా, ఆమెకొక్క టికెటు తీసుకోండి" అన్నాడు.

దేవయ్య ఆ పాసు వంక చాలాసేపు చూశాడు. రాజుబాయి అతని మొహం చూసి, "సాయంత్రం దాక కూసుందమా మరి?" అంది.

"ఎందుకు కూసునుడు. ఎక్కుండ్రి" అన్నాడు.

నీలాంబరి వచ్చి ఆగింది. ఒక్కటే డీజిల్ ఇంజను, ముక్కు దగ్గర రంగు ఊడిపోయింది. రెండు నిమిషాల్లో ఎనిమిది మూటలు ఎక్కించాలి. రాజుబాయి పైనుంచి గుంజుతుంటే దేవయ్య కిందినుంచి తోశాడు. ఆఖరి మూట లోపల పడేసరికి బండి కదిలింది. చోటు దొరికింది. భీమక్క కిటికీ దగ్గర కూర్చుని, చెట్లు వెనక్కి పోవడం చూస్తూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

రాజుబాయి మాత్రం పెట్టె నాలుగు వైపులా చూసింది. ఇరవై ఒక్క ఏళ్ల కింద కొంగు మొహాన కొట్టి పోయిన రైలు ఇది. ఇప్పుడు తాను లోపల ఉంది. బల్ల చెక్క గీతలు పడి ఉంది, ఫ్యాను తిరగడం లేదు, కాళ్ల కింద పల్లీల పొట్టు. అయినా ఆమెకు సంబరంగానే ఉంది. పక్కనున్న మనిషి కోసం ఆ సంబరం కనబడనియ్యలేదు.

దేవయ్య, పెట్టె గోడ మీద ఒకచోట రంగు పెచ్చులూడి కింది నీలం కనబడుతుంటే, దాని మీద బొటనవేలు పెట్టి రుద్దుతూ కూర్చున్నాడు.

కాగజ్‌నగర్ దాటింది, మాకుడి దాటింది. రెండు దిక్కులా అడవి. అక్కడ బండి ఒక్కసారి ఊగి, వేగం తగ్గి, తగ్గి, ఆగిపోయింది. పది నిమిషాలు పోయాయి. అరగంట పోయింది. మధ్యాహ్నపు ఎండకు పెట్టె పొయ్యిలా అయింది. పిల్లలు ఏడుపు అందుకున్నారు. జనం ఒక్కొక్కరే దిగి పట్టాల పక్కన నిలబడ్డారు.

దేవయ్య చెవి ఇంజను వైపే ఉంది. "నడుస్తలేదు. బంద్ జేసిండు" అన్నాడు తనలో తాను. కూర్చోలేక లేచాడు. రాజుబాయి కూడా వెంట నడిచింది.

ఇంజను పక్కన నూనె చేతులతో నిలబడ్డ డ్రైవరు వీళ్లను చూసి ముందు కసిరాడు. దగ్గరికి వచ్చాక మొహం మారిపోయింది. "ఉస్తాద్! నువ్వా!" అని వంగి కాళ్లు మొక్కాడు. నలభై ఏళ్ల మనిషి. పేరు అజయ్‌కుమార్. దేవయ్య దగ్గర నాలుగేళ్లు అసిస్టెంటుగా చేసినవాడు.

"ఏమైంది బిడ్డా?"

"నూనెల నీళ్లు కలిసినయ్ ఉస్తాద్. ప్రెషర్ ఉంటలేదు. చాలూ చేస్తే బేరింగులు ఖరాబైతయ్."

దేవయ్య చెప్పులు విప్పి, రాడ్డు పట్టుకుని, అరవై దాటిన మోకాళ్లతో పైకెక్కాడు. నూనె మట్టం చూసే పుల్ల తీసి వేలికి రాసుకుని చూశాడు, వాసన చూశాడు. ఇంజను పక్క తలుపు తెరిచి లోపలికి చూస్తూ కాసేపు నిలబడ్డాడు. రాజుబాయి కింద నుంచి చూస్తోంది. ఇప్పుడు ఏదో చేస్తాడు, బండి కదులుతుంది అనుకుంది. అతను తలుపు మూసేసి దిగాడు.

"నీతోటి గాదు, నాతోటి గాదు. షెడ్డుకు పోవాలె" అన్నాడు.

"కబురు పంపిన. ఇప్పుడీడ తీగలున్నయ్ గదా, బల్లార్షా నుంచి కరెంటు ఇంజనొస్తది. రెండు మూడు గంటలు పట్టొచ్చు." అజయ్‌కుమార్ తల గోక్కున్నాడు. "ఇట్ల నెలకోసారి అయితుంది ఉస్తాద్. మంచి ఇంజన్లు దీనికి ఇస్తలేరు. ఎక్కడ్నో గూడ్సు లాగి లాగి అరిగిపోయినయి దీనికి తగిలిస్తరు."

దేవయ్య ఇంజను ఒంటి మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, వేడికి వెంటనే తీసేశాడు.

వాళ్లు తిరిగి వచ్చేసరికి పెట్టె దగ్గర గలాటా. నీళ్లు అయిపోయాయి. ఒక బాలింత ఎండకు సోలిపోయి, పట్టాల పక్కన కొంగు పరుచుకుని పడుకుంది. గార్డు మీద మగవాళ్లు అరుస్తున్నారు. భీమక్క ఎవరితోనూ చెప్పకుండా అడవి వైపు తలెత్తి చూసింది. దూరంగా చెట్ల నడుమ సన్నటి పొగ. కాలిబాట ఒకటి అటు పోతోంది.

"ఊరున్నది అక్కా. నేను పోయొస్త" అంది.

"ఒక్కదానివే?"

"మావోళ్లే ఉంటరు" అని నడిచింది.

అరగంటకు ఆమె తిరిగి వచ్చింది. వెనక బిందెలతో, కుండలతో ఆడవాళ్లు, సొరకాయ బుర్రలు వేలాడేసుకున్న ముసలివాళ్లు, పది పన్నెండు మంది. భీమక్క వాళ్లతో గోండీలో గలగలా మాట్లాడుతోంది. ఒకామె బాలింత తల ఎత్తి నీళ్లు తాగించింది. జనం చేతులు చాపారు. రాజుబాయి లడ్డూల మూట విప్పబోయి భీమక్క వంక చూసింది. భీమక్క "ఇయ్యి అక్కా, పిల్లలు ఏడుస్తున్నరు" అంది. ప్రదర్శనకు కట్టిన మూట సగానికి తగ్గింది.

దేవయ్య మాత్రం ముందుకు రాలేదు. పెట్టె నీడలో కంకర మీద కూలబడి ఉన్నాడు. రాజుబాయి చెంబుతో నీళ్లు తీసుకుపోయింది. అతను తీసుకోలేదు.

"ఏందయ్యా, ఎండ కొట్టిందా?"

"కాదే." పట్టాల వెంట అటూ ఇటూ చూశాడు. "ఇదే జాగ. ఈడనే, ఈ రెండు కిలోమీటర్ల నడుమ్మనే."

"ఏం జాగ?"

"డెబ్బై తొమ్మిదిల. నేను అసిస్టెంటు. రెండు ఇంజన్లు ఒక్కపారే బందైనయ్. మే నెల. ఏసీ పోయింది, అద్దాలు తెరుసుకోయి. లోపల ఎవలెవలో పెద్దోళ్లు, దొరసాన్లు. గిట్లనే ఊరోళ్లు కుండలు పట్టుకొని వచ్చిండ్రు. ఎవలు పిలువలె, వాళ్లకే అనిపిచ్చి వచ్చిండ్రు. పైనోళ్లు నాతోటి అన్నరు, నువ్వు ఈ దిక్కోనివి గదా, వాళ్లను దగ్గరికి రానియ్యకు, ఇది ఎసొంటి బండో ఎర్కలేదా అని."

"నువ్వేం జేసినవ్?"

"తోలిన." పిడికెడు కంకర తీసి మళ్లీ జారవిడిచాడు. "కట్టె పట్టుకొని తోలిన. ఒక ముసలామె పోకపాయె. ఏర్, ఏర్ అనుకుంట కుండ ముందుకు పెడుతున్నది. నీళ్లు అంటున్నదని నాకు ఎర్కలేదా? ఎర్కనే. నేను దొబ్బితే కుండ పలిగింది. కంకర తాగింది ఆ నీళ్లు. లోపటికెల్లి అద్దాలల్ల చూసిండ్రు అందరు, ఒక్కరు ఒక్కమాట అనలె. మరునాడు సాబు నా భుజం తట్టిండు."

 వంద ముచ్చట్లు చెప్పిన మనిషి ఈ ఒక్కటీ ఇరవై ఆరేళ్లు దాచుకున్నాడు. రాజుబాయికి కోపం రాలేదని కాదు, వచ్చింది. ఆ ముసలామె కోసం వచ్చింది. కానీ ఎదురుగా కూర్చున్నవాడు ఎండకు మాడి, నీళ్లు ముట్టకుండా ఉన్నాడు. చెంబు అతని చేతుల్లో పెట్టి, తన చేతులు తీయకుండా అలాగే పట్టుకుంది.

"తాగు ముందుగాల" అంది. "తాగి లేవ్. ఆ బిందెలు మోసి మోసి వాళ్ల మెడలు పడిపోతున్నయ్. ఆఖరు పెట్టెల దాక నీళ్లు పోలే."

దేవయ్య తాగాడు. లేచి పైపంచె నడుముకు బిగించాడు. మాట కూడా అడగకుండా ఒకామె నెత్తి మీది బిందె దించుకుని, చివరి పెట్టెల వైపు నడిచాడు. ఆమె గోండీలో ఏదో అంటే భీమక్క నవ్వి తెలుగులో చెప్పింది. "ముసలాయనకు పానం బాగలేదేమో, బిందె పడేస్తడు, నేనే మోస్త అంటున్నది."

"పడెయ్య అని చెప్పు" అన్నాడు దేవయ్య.

కరెంటు ఇంజను వచ్చేదాకా అతను ఊరికీ బండికీ నడుమ ఐదు సార్లు తిరిగాడు. అజయ్‌కుమార్ చూసి తన అసిస్టెంటును కూడా పంపాడు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో తిరిగి పోతున్నప్పుడు దేవయ్య వాళ్లకు ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించాడు. అందులో ఎవరైనా ఆ ముసలామె బిడ్డో, మనవరాలో అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. వాళ్లకు ఆ దండం ఎందుకో అర్థం కాలేదు. ఎండకు మాడిన పెద్దమనిషి మొక్కుతున్నాడు కదా అని వాళ్లూ మొక్కారు.

బల్లార్షాలో డీజిల్ ఇంజనును విడిచిపెట్టి, కరెంటు ఇంజను బండిని నాగపూర్ లాక్కుపోయింది. దేవయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, పక్క పట్టాల మీద ఒంటరిగా నిలబడ్డ దానివైపు చూశాడు. భీమక్క "అన్నా, ఆ బండికి ఇగ ఏం జేస్తరు?" అని అడిగింది.

"విప్పుతరు. బాగైతే కొన్నొద్దులు నడిపిస్తరు. లేకుంటే ఇనుము." ఆ మాట అతను మామూలుగానే అన్నాడు.

నాగపూర్‌లో పది రోజులూ అతను స్టాలు వెనకాల కూర్చుని బియ్యం సంచుల మూతులు కుట్టాడు. లడ్డూలు తగ్గాయని భీమక్క ఏమీ బాధపడలేదు. తేనె మూడో రోజుకే అయిపోయింది. తిరుగు ప్రయాణం రోజున ప్రదర్శన సాహేబు ఆలపల్లి దారి బాగైందని, బస్సులు నడుస్తున్నాయని చెప్పాడు. రాజుబాయి దేవయ్య వంక చూసింది.

"నీలాంబరిలనే పోదం తియ్" అన్నాడు. "నీకు ఆ పెట్టెలన్ని సూపిస్త. ఏది ఏడ ఉంటుండెనో."

ఆ ప్రయాణంలో చూపించాడు కూడా. భోజనాల బల్లలు ఇక్కడ, వంటగది ఇక్కడ, ఉత్తరాలు రాసుకునే బల్ల ఇక్కడ అని పెట్టె పెట్టెకూ తిప్పాడు. ఇప్పుడు అక్కడంతా టిఫిన్ డబ్బాలు, నిద్రపోతున్న పిల్లలు, పైన బల్లల మీద వేలాడుతున్న కాళ్లు. రాజుబాయికి నచ్చింది. "ఆ పింగాణీ కప్పుల ముచ్చట మళ్ల చెప్పు" అని రెండుసార్లు చెప్పించుకుంది.

తర్వాత నాలుగేళ్లలో ఆమె ఆ బండిలో తొమ్మిది సార్లు పోయింది. నాగపూర్, వార్ధా, ఒకసారి ఢిల్లీ మేళాకు కూడా. ఏ పెట్టెలో చోటు దొరుకుతుందో, మంచిర్యాలలో ఎక్కడ నిలబడితే తలుపు ఎదురుగా వస్తుందో ఆమెకు కంఠతా వచ్చింది. రెండువేల తొమ్మిదిలో కొత్త టైంటేబులు వచ్చింది. అందులో నీలాంబరి పేరు లేదు. ఆ వేళకు ఇంకో కొత్త రైలు వేశారు. పూర్తిగా కరెంటు మీద నడిచేది, అన్నీ ఏసీ పెట్టెలు. కాజీపేట తర్వాత బల్లార్షాలోనే ఆగుతుంది.

ఆ సంగతి దేవయ్య పేపరులో చదివి చెప్పాడు. తన రైలు పోయిందని అతను బాధపడతాడేమోనని ఆమె చూసింది. బాధ అతనికంటే ఆమెకే ఎక్కువైంది.

"మళ్ల ఆగకుంట పోతదా? మళ్ల గోడకు జరిగి నిలబడాల్నా మేము?" అని గిన్నె దడేలుమని కింద పెట్టింది. ఆ వారంలోనే గట్ మీటింగు పెట్టింది. చెన్నూరు, అర్జునగుట్ట ఆడవాళ్లకు కూడా కబురంపింది. అర్జీ రాయాలన్నారు. హిందీలో, రైల్వే వాళ్లకు తెలిసే మాటల్లో రాసేది ఎవరు? అందరూ దేవయ్య వైపు చూశారు.

అతను కళ్లద్దాలు పెట్టుకుని, తెల్లకాగితం కింద పలక పెట్టుకుని కూర్చున్నాడు. బండి నంబరు, వేళ, మంచిర్యాల మీద ఆధారపడ్డ తాలూకాల పేర్లు, నది, పడవ, అన్నీ వరసగా రాశాడు. అడిగేది రాయవలసిన చోట కలం ఆగింది.

"ఒక్క నిమిషం హాల్టు అని రాస్త. ఒక్కటైతే ఇస్తరేమో. బండి ఆపి మళ్ల వేగం అందుకోవాలంటే ఏడు నిమిషాలు పోతది, వాళ్లకది ఎక్కువే."

"ఒక్క నిమిషంల ఎనిమిది మూటలు ఎక్కుతయా?" అంది రాజుబాయి. "నువ్వే కిందికెల్లి తోసినవ్ గదా. నువ్వే చెప్పు."

దేవయ్య కాగితం మీదికి వంగాడు. "ఎక్కయి" అన్నాడు.

రెండు నిమిషాలు అని రాశాడు. కింద మొదటి సంతకం రాజుబాయిది. రెండోది భీమక్క వేలిముద్ర. ఆపైన మొత్తం నూట పద్నాలుగు. మర్నాడు అతనే ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పడవ దాటి, మంచిర్యాల స్టేషను పెద్ద సాబు చేతికిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చాడు.

ఆ కొత్త రైలు ఈ రోజుకీ ఆగలేదు. ఎనిమిది నెలల తర్వాత, మధ్యాహ్నం పోయే మరో ఎక్స్‌ప్రెస్‌కు మంచిర్యాలలో హాల్టు ఇచ్చారు. అది వీళ్ల అర్జీ వల్ల వచ్చిందో, ఇంకెవరి మాట వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేదు. మొదటి రోజున గట్ ఆడవాళ్లు ఏడుగురు బియ్యం మూటలతో పోయారు. దేవయ్య ప్లాట్‌ఫారం మీద గడియారం పట్టుకుని నిలబడ్డాడు. బండి రెండు నిమిషాల మీద ఇరవై సెకన్లు ఆగిందని సాయంత్రం ఇంటింటికీ పోయి చెప్పాడు.